నడిమి కుండ పలికిన రోజు

ఓడ మీద ఆమెను అందరూ ఉష్షమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుపడితే మేడమ్ అనో, అమ్మగారూ అనో పిలుస్తారు. వెనకాల ఏమంటారో ఆమెకూ తెలుసు, తెలిసినట్టు వాళ్లకూ తెలుసు. ఆ పేరు పెట్టింది వంటాయన. మొదటి ప్రయాణంలో ఆయన గరిటెకు అంటుకున్న కూర రాలడానికి గిన్నె అంచు మీద టంగుమని కొట్టాడు. ఆ చప్పుడుకు ఆమె వంటగది గుమ్మంలో ప్రత్యక్షమై, పెదాల మీద వేలు పెట్టుకుని "ఉష్" అంది. ఆమె ఎవరో, ఉద్యోగమేమిటో ఆయనకు అప్పటికి తెలియదు. "నా గరిటె, నా గిన్నె, నేను కొట్టుకుంటే ఈవిడకేం?" అని కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా పేరు ఖాయమైపోయింది.

ఆమె ఉద్యోగం వినడం. సముద్రం అడుగున కూర్చోబెట్టిన పరికరాలు పలికితే పైనుంచి వినడం, పలకకపోతే పలికించడం.

ఒకసారి పత్రికల నుంచి ఒకతను వచ్చి సముద్రంతో మీ అనుబంధం ఎలాంటిదని అడిగాడు. తల్లిలాంటిదనో, నేస్తంలాంటిదనో రాసుకుందామని అతను పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "ఆఫీసు" అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. మర్నాడు పత్రికలో సాగరకన్య అని పడింది. అది చదివి వాళ్ల అక్క కడుపుబ్బ నవ్వి, ఆ ముక్క కత్తిరించి దుకాణం గోడకు అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది, నూనె మరకలతో.

దుకాణమంటే అక్కది. ఇంటి కింది గదిలో బట్టలు కుడతారు. అక్క, బావ, ఇద్దరు ఆడపనివాళ్లు, నాలుగు మిషన్లు. వెనక గదిలో అమ్మ. ఆమెకు చెవులు మందగించినా మాట మాత్రం ఏమాత్రం తగ్గలేదు. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, అందరూ ఒకేసారి కుడతారు. అక్కతో పనిబడితే ఆమె మిషను ఆగేదాకా ఆగాలి. కుట్టు చివరికొచ్చి, దారం తెంపడానికి అక్క పళ్ల మధ్య పెట్టుకునే ఆ ఒక్క క్షణంలో మాట వేసెయ్యాలి. జారవిడిస్తే మళ్లీ ఇంకో కుట్టు చివరిదాకా గతి లేదు. ఉష్షమ్మ చిన్నప్పుడు బడి ఫీజు అడిగినా, పెద్దయ్యాక ఉద్యోగం వచ్చిందని చెప్పినా ఆ సందులోనే. పెళ్లి చేసుకోనని కూడా అలాగే చెప్పింది. దానికి గొప్ప కారణమేమీ లేదు. ఏ సంబంధమూ ఆమెకు పనికన్నా ఆసక్తిగా అనిపించలేదు. అక్క దారం తెంపి, "సరే, ఆ కత్తెర ఇటియ్యి" అంది. అంతటితో ఆ విషయం ముగిసింది.

చదివింది ఎలక్ట్రానిక్సు. మొదట చేరింది చెవి మిషన్లు అమ్మే కొట్టులో. ముసలివాళ్ల చెవుల్లో ఆ చిన్న బిళ్లలు అమర్చి, వెనక్కి వెళ్లి నిలబడి, "వినబడుతోందా?" అని అడగడం పని. చాలామంది వినబడకపోయినా మొహమాటానికి తలూపేవారు. వినబడ్డవాళ్లకూ తలూపినవాళ్లకూ తేడా కనిపెట్టడం అక్కడే నేర్చుకుంది. వినబడ్డవాడు కొంచెం ఆలస్యంగా తలూపుతాడు. మాట చెవిలో పడి, మనసుకు తగిలి, అప్పుడు మెడ కదలాలి కదా. వినబడనివాడు మాత్రం అడగ్గానే ఊపేస్తాడు.

అక్కడినుంచి సముద్ర పరిశోధన సంస్థకు వచ్చింది. ఇక్కడి పరికరాన్ని కాగితాల మీద ఏదో పొడవాటి పేరుతో పిలుస్తారు, ఓడ మీద మాత్రం కుండ అంటారు. నిజంగానే కుండంత ఉంటుంది. మందపాటి గాజు బంతి, దాని కడుపులో బ్యాటరీలు, గడియారం, గొంతు. అడుగున బరువుకు ఒక ఇనుప పీట. దాన్ని సముద్రం అడుగుకు దించి వదిలేస్తే ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. కూర్చుని పైకి ఒక టిక్కు వేస్తుంది. ఆ చప్పుడు నీటి పైకప్పుకు తగిలి తిరిగి కిందికి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో కుండ రాసి పెట్టుకుంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే చప్పుడు త్వరగా పరుగెడుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిస్తుంది. ప్రవాహానికి ఒక పక్క నీళ్లు వెచ్చన, ఇంకో పక్క చల్లన. రెండు పక్కలా రెండు కుండలు పెట్టి తేడా చూస్తే మధ్యలోంచి ఎంత నీరు పోతోందో లెక్క కట్టొచ్చు. చూసేవాళ్లకు సముద్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కింద మాత్రం ఒక ఋతువులో ప్రవాహం ఉరకలేస్తుంది, ఒక ఋతువులో నీరసిస్తుంది, ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది కూడా. వానలకూ చేపలకూ దీంతో సంబంధం ఉందని ప్రాజెక్టు కాగితాల్లో రాస్తారు. అది నిజమే, కానీ ఆమె పని చేసేది అందుకు కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా ఆమెకు కుదురు ఉండదు. అంతే.

ఆ ఏడు ఓడ బయల్దేరింది ఒక వరసలో కూర్చోబెట్టిన ఐదు కుండలను పైకి తీయడానికి. నాలుగేళ్ల క్రితం వాటిని దించింది ఆమే. మొదటి రెండూ బుద్ధిగా పైకి వచ్చాయి. మూడోది నడిమి కుండ. నీళ్లు నాలుగు కిలోమీటర్ల లోతు. పైనుంచి సంకేతం పంపితే కొక్కెం ఊడి, ఇనుప పీటను కిందే వదిలి, గాజు బంతి తేలుతూ రావాలి. సంకేతం పంపారు. ఐదారు సెకన్లు ఆగి కుండ బదులిచ్చింది. సంకేతం అందింది, కొక్కెం ఊడుతోంది అని దానర్థం. అందరూ కమ్మీలు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. పొద్దుగూకింది. కుండ రాలేదు. దూరం కొలిచి చూస్తే అది ఉన్నచోటి నుంచి ఒక్క మూర కూడా కదల్లేదు. కొక్కెం ఊడినా బురద వదల్లేదు.

"వదిలేద్దామమ్మా" అన్నారు ప్రొఫెసర్ గారు. ప్రాజెక్టుకు పెద్ద ఆయనే. "ఐదింట్లో ఒకటి పోవడం పెద్ద నష్టం కాదు."

"ఐదింట్లో ఒకటి కాదు సార్. నడిమిది. అది పోతే అటు సందూ పోతుంది, ఇటు సందూ పోతుంది. మనకు మిగిలేది చివర్లు. చివర్లతో ఏం చేసుకుంటాం?"

"మరి రానంటోందిగా."

"రాకపోతే పోయింది. మాట్లాడమందాం."

కుండకు ఒక గుణం ఉంది. అడిగితే తను రాసుకున్నదాన్ని రోజుకో ముక్కగా, నిన్నటి నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వెళుతూ, చప్పుళ్లతో వినిపిస్తుంది. ఓడ పక్కనుంచి నీళ్లలోకి దించిన మైకు వింటుంది, కంప్యూటరు తెర మీద రోజుకో చుక్క పడుతుంది. బ్యాటరీ పొదుపు కోసం లెక్క మొత్తం చెప్పదు, మారే చివరి అంకెలే చెబుతుంది. రెండేళ్ల క్రితం మధ్యలో ఒకసారి వచ్చి అప్పటిదాకా ఉన్న సంగతులన్నీ ఇలాగే విని వెళ్లారు. ఇప్పుడు ఆ పాత చివరి చుక్క దాకా వినగలిగితే నాలుగేళ్ల గీత తెగకుండా కలుస్తుంది. కలవకపోతే మధ్యలో గొయ్యి. కుండ ఇక పైకి రాదు. బ్యాటరీ అడుగంటింది. మళ్లీ ఓడ వచ్చేసరికి దాని నోరు పడిపోయి ఉంటుంది. వింటే ఇప్పుడే వినాలి.

చిక్కేమిటంటే, రెండేళ్ల క్రితం బ్యాటరీ కొత్తది, గొంతు గట్టిది. ఓడ ఇంజిను మెల్లగా తిరుగుతున్నా వినబడింది. ఇప్పుడది గొణుగుతుంది. ఇంజిను తిరుగుతుంటే ఏమీ వినబడదు.

పొద్దున్నే ఆమె కెప్టెను దగ్గరికి వెళ్లింది. ఆయన చక్రం దగ్గర టీ తాగుతున్నాడు. ముక్కు మీద కోపం, మీసం కింద నవ్వు ఉన్న మనిషి.

"కెప్టెన్ గారూ, ఇంజిను ఆపాలి."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నం దాకా. జనరేటరు కూడా."

"జనరేటరు కూడానా? నీళ్ల పంపులు, ఫ్రిజ్జులు?"

"అన్నీ."

"నా గుండె కూడా ఆపమంటావా అమ్మా?"

"అది కాస్త నెమ్మదిగా కొట్టుకుంటే చాలు."

కెప్టెను కప్పు కింద పెట్టాడు. నడిసముద్రంలో ఇంజిను ఆపిన ఓడ గాలికి అడ్డం తిరిగి తొట్టెలలా ఊగుతుంది. సరైన కెప్టెను ఎవడూ ఆ మాటకు సంతోషించడు. అయినా ఆమె మొహం చూశాడు. కాదంటే అక్కడే నిలబడిపోయేలా ఉంది. "ఒక్కసారే" అన్నాడు. "మళ్లీ మళ్లీ అడగొద్దు."

ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు ఇంజిను, తర్వాత జనరేటరు, తర్వాత ఎక్కడెక్కడో గోడల్లో తిరిగే గాలి పంకాలు. అప్పటిదాకా చప్పుడని ఎవరికీ తోచనివన్నీ ఆగిపోయాక చప్పుడంటే ఏమిటో తెలిసింది. నావికులు చెప్పులు విప్పేశారు. ఓడ తుప్పు రాలగొట్టేవాళ్లు సుత్తులు దాచుకున్నారు. మరుగుదొడ్ల పంపులు కూడా ఆగాయి. ఆ విషయం మీద చెప్పుకున్న జోకులన్నీ గుసగుసల్లోనే నడిచాయి.

ఆమె పై గదిలో, బ్యాటరీతో నడిచే తెర ముందు కూర్చుని, సంకేతం పంపి చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుంది. సరిగ్గా అప్పుడే వెనకాల ఏదో జారి పడి దొర్లింది. ఆమె గిరుక్కున తిరిగింది. వంటాయన ఒక మూతను కడుపుకు హత్తుకుని, దొంగలా నిలబడి ఉన్నాడు.

"ఉష్" అంది.

"నేను కాదమ్మగారూ, ఓడ ఊగింది" అని ఆయన పెదాలతోనే చెప్పాడు.

ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి తెర మీద చుక్కలు పడుతున్నాయి. గట్టిగా, స్పష్టంగా, ఒకదాని పక్కన ఒకటి. ప్రొఫెసర్ గారు ఆనందంతో చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి, చేతులు గాల్లోనే ఆపేశారు. ఆమె కూడా ఊపిరి పీల్చుకుంది. గంట గడిచింది. రెండు గడిచాయి. చుక్కలు దారం పట్టినట్టు వరసగా వెళ్లిపోతున్నాయి. ఒక ఎత్తు లేదు, ఒక పల్లం లేదు.

"చూశావా, ఎంత నిలకడో" అన్నారు ప్రొఫెసర్ గారు ఆమె చెవి దగ్గర. "ఇన్నాళ్లూ ఈ ప్రవాహాన్ని మనం అపార్థం చేసుకున్నాం. దీని మీద ఒక వ్యాసం రాయాలి."

ప్రొఫెసర్ గారు చెడ్డవారు కాదు. తిన్నని గీత కనబడితే మనసు కరిగిపోయే మనిషి, అంతే. ఉష్షమ్మ మాత్రం ఆ గీతను తెర మీద ముందుకూ వెనక్కీ జరిపి మళ్లీ చూసింది.

"సముద్రం ఇంత బుద్ధిమంతురాలు కాదు సార్."

"ఎందుకమ్మా వంకలు పెడతావు? శుభ్రంగా వస్తోంది కదా."

"అదే నా బాధ."

ఆమె వినడం ఆపింది. సంకేతం మళ్లీ మొదటి నుంచి పంపింది. ఈసారి ఎటూ చూడలేదు, గడియారం ముల్లు మీదే కళ్లు పెట్టింది. మాట నాలుగు కిలోమీటర్లు దిగాలి, జవాబు నాలుగు కిలోమీటర్లు ఎక్కాలి. ఐదారు సెకన్లు పట్టి తీరాలి. ఇక్కడ ఆమె మీట నొక్కిన మరుక్షణమే టక్కున జవాబు వచ్చింది, ఎదురింటి గుమ్మంలోంచి పలికినట్టు. అడగ్గానే తలూపినవాళ్లందరూ ఆమె కళ్ల ముందు మెదిలారు. పొద్దున్న ఈ సంగతి గమనించాల్సిన క్షణంలో ఆమె వంటాయన మీద ఉష్ అంటోంది.

హెడ్‌ఫోను తీసి కిందికి దిగింది. మెట్ల కింద తడి గదిలో, ఇనుప నేల మీద, ఉప్పునీళ్లు నింపిన తొట్టి ఉంది. తొట్టిలో కొత్త కుండ ఉంది. తొట్టి అంచు మీద చెయ్యి వేసింది. టిక్, టిక్ అని అరచేతికి తగిలింది.

జరిగింది ఇది. పాత కుండ పైకి వచ్చాక అదే చోట కొత్తదాన్ని దించుతారు. కాబట్టి కొత్తదానికీ ఆ చోటి సంకేతమే పెడతారు. పాతదాన్ని పైకి తీసి ఆపేశాక కొత్తదాన్ని మేల్కొలిపి, ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి రాత్రంతా తొట్టిలో నానబెడతారు. అది ఆనవాయితీ. రెండు కుండలు ఒకే పిలుపుకు పలికే అవకాశమే ఉండదు. నిన్న పాతది రాలేదు. కొత్తది మాత్రం ఆనవాయితీ ప్రకారం తొట్టిలోకి వెళ్లింది. దించింది ఆమె చేతులే. కిందినుంచి ముసలి కుండ గొణుగుతుంటే, గది పక్కనుంచి పడుచు కుండ ఇనుప నేల మీదుగా గొంతు చించుకుని జవాబు చెప్పింది. రేవు గోదాములో పరీక్ష కోసం నెలల తరబడి ఇలాంటి తొట్టిలోనే కూర్చున్న సంగతులన్నీ వరసగా అప్పజెప్పింది. అవి కదలని నీళ్లు. గీత తిన్నగా రాక ఏమవుతుంది?

ఆమె దాన్ని ఎత్తి, ఆపేసి, తుడిచి, దుప్పటి చుట్టి ఒక మూల పడుకోబెట్టింది. వెనకాలే దిగివచ్చిన వంటాయన, "ఆపేశాక దుప్పటి ఎందుకమ్మగారూ?" అన్నాడు.

"నా తృప్తికి."

పైకి వెళ్లేసరికి ఇంజిను మొదలుపెట్టేశారు. మధ్యాహ్నమైంది, కెప్టెను మాట ఇచ్చిన గడువు అయిపోయింది. గుట్టుగా ప్రొఫెసర్ గారికొక్కరికే చెప్పి ఊరుకోవచ్చు. ఆమెకు ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, మెట్లు ఎక్కేలోపు పోయింది. తిన్నగా కెప్టెను ముందుకు వెళ్లి నిలబడింది.

"ఏమమ్మా, నీ కుండ కబుర్లు చెప్పిందా?"

"చెప్పింది. కానీ అది ఈ కుండ కాదు." ఆమె జరిగిందంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. దించింది తనేనని కూడా చెప్పింది.

కెప్టెను నెమ్మదిగా అడిగాడు. "అంటే పొద్దుట్నించీ నా ఓడను చచ్చిన చేపలా పడుకోబెట్టి, నువ్వు తొట్టితో మాట్లాడావు."

"అవునండీ. ఇప్పుడు సముద్రంతో మాట్లాడాలి."

చక్రం దగ్గరున్న నావికుడు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. కెప్టెను మీసం మాత్రం కదల్లేదు.

"ఒక్కసారే అన్నాను."

"అన్నారు. ఆ ఒక్కసారీ నేను వృథా చేశాను. అందుకే రెండోది అడుగుతున్నాను."

"రేపు పొద్దుటికి నాలుగో కుండ దగ్గర ఉండాలి. గాలి ఎక్కువవుతోంది. ఓడ ఇంకా ఊగుతుంది. మీ ప్రొఫెసర్ గారు వాంతులు చేసుకుంటారు."

"చేసుకోనీయండి. చప్పుడు చేయకుండా చేసుకుంటే చాలు."

అప్పుడు కదిలింది మీసం. అయినా కెప్టెను వెంటనే ఒప్పుకోలేదు. "నిన్న పలికిందన్నావు. రాత్రికి రాత్రి బ్యాటరీ అయిపోయి ఉంటే? అసలది బతికే ఉందా?"

"తెలియదండీ. పొద్దుట్నించీ దాని మాట వినబడే వీలే లేదు కదా. అడిగితే తెలుస్తుంది."

"పొద్దు వాలేదాకా" అన్నాడు కెప్టెను. "ఆ తర్వాత నువ్వు నా కాళ్ల మీద పడ్డా సరే."

"పడను" అంది ఆమె. పడే మనిషి కూడా కాదు.

రెండో నిశ్శబ్దం మొదటిదానిలా లేదు. పొద్దున్న అందరికీ వింతగా, ఆటలా ఉంది. ఇప్పుడు ఆకలి, ఎండ, ఊపు. పొయ్యి వెలిగించడానికి లేదు కాబట్టి వంటాయన అందరికీ చల్లటి రొట్టె, ఉడికిన గుడ్లు పంచాడు. గుడ్డు పెంకు పగలగొట్టేముందు కూడా ఒకసారి ఆమె వైపు చూశాడు. గిన్నెలన్నిటినీ తువ్వాళ్లతో కట్టేశాడు. మూతల డబ్బాను ఆమె గదిలోకే తెచ్చి, దాని మీద తనే కూర్చున్నాడు.

ఆమె సంకేతం పంపింది. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. నాలుగు. చెవుల్లో నీళ్ల హోరు తప్ప ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఐదు. ప్రొఫెసర్ గారు కళ్లు మూసుకున్నారు. ఇక రాదనుకున్నాక, హోరు వెనకెక్కడో, మూసిన తలుపు అవతల ఎవరో గోటితో గీరినట్టు ఒక చప్పుడు.

తెర మీద చుక్క పడింది.

ఇంకోటి పడింది. మూడోది ఎక్కడో పైన, నాలుగోది అడుగున. కొన్ని చుక్కలు కెరటాల చప్పుడుకు పుట్టిన దొంగ చుక్కలు. వాటిని ఆమె కంటి అంచనాతో పక్కన పెట్టుకుంటూ పోయింది. పది పడ్డా ఏమీ తెలియలేదు. వంద పడ్డాక ఒక ఒంపు కనబడింది. లేచి, నిలిచి, దిగి, మళ్లీ లేస్తున్న ఒంపు. నిలకడ అనే మాటే ఎరగని గీత అది.

"ఇదీ..." అని ప్రొఫెసర్ గారు నోరు తెరిచారు. ఆమె ఏమీ అనకుండానే మూసుకున్నారు.

ఓడ గాలికి కొట్టుకుపోతోంది. కుండ మీదినుంచి పక్కకు జరిగేకొద్దీ గొంతు సన్నబడి, చివరికి హోరులో కలిసిపోయింది. ఆమె చెయ్యి ఎత్తింది. ఇంజిను మొదలైంది, ఓడ చుట్టు తిరిగి మళ్లీ కుండ నెత్తి మీదికి వచ్చింది, మళ్లీ అన్నీ ఆగాయి. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి చెప్పమని అడిగింది. చెప్పింది. మళ్లీ కొట్టుకుపోయారు, మళ్లీ వచ్చారు. ప్రతిసారీ పొద్దు కొంచెం కొంచెం జారుతోంది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. రొట్టె ముక్క మోకాలి మీదే ఎండిపోయింది. మెడ నొప్పి, చెవుల చుట్టూ చెమట, హెడ్‌ఫోను ఒత్తిడికి కణతల్లో పోటు. ఇవేవీ ఆమెకు గొప్పగా అనిపించవు. పని అంటే కొంత ఒళ్లు నొప్పి ఉంటుంది. అక్కకు వేళ్లు, బావకు నడుము, తనకు మెడ.

ఎండ పచ్చబడేసరికి ఇంకా ఒక ఋతువంత దూరం మిగిలి ఉంది. మూడోసారి ఓడ తిరిగి వచ్చింది. ఇదే చివరిదని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. కెప్టెను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, బయట పొద్దునూ లోపల తెరనూ మార్చి మార్చి చూస్తూ. ఆ చుక్కల అర్థమేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కానీ తెర ఎడమ చివర ఒక ఎర్ర చుక్క ఒంటరిగా ఉంది. అది రెండేళ్ల క్రితం విన్న చివరి చుక్క. నల్ల చుక్కలు ఒక్కొక్కటే దాని వైపు నడుస్తున్నాయి. అర్థం కావడానికి అది చాలు.

బయట మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పొద్దు వాలింది, ఇంజిను మొదలుపెట్టనా అని అడగడానికి కింది అధికారి దడదడా ఎక్కి వస్తున్నాడు.

"ఉష్" అన్నాడు కెప్టెను.

ఆ మాట తన నోట్లోంచి రానందుకు ఉష్షమ్మ ఒక్కసారి తలెత్తి చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది. అధికారి ఒక కాలు గాల్లో ఉంచి అలాగే నిలబడిపోయాడు.

గొంతు సన్నబడుతోంది. ఓడ జరుగుతోంది. రెండు చుక్కలకు ఒకటి పోతోంది. తర్వాత మూడింటికి ఒకటి. ఎర్ర చుక్కకు ఇటు పక్కన వేలెడు సందు, తర్వాత గోరంత సందు. ఆమె కుర్చీ అంచుకు వచ్చి, రెండు చేతులతో హెడ్‌ఫోనును చెవులకు అదిమి పట్టుకుంది. హోరు, హోరు, మళ్లీ ఆ గీరు. నల్ల చుక్క ఒకటి వచ్చి ఎర్ర చుక్క పక్కన పడింది. దాదాపు ఆనుకుని. ఒక రోజు తేడాతో సముద్రం మారగలిగినంత మాత్రమే పైకి.

కలిసింది.

ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ కదల్లేదు.

"ఇక దగ్గొచ్చా అమ్మగారూ?" అన్నాడు వంటాయన మూతల డబ్బా మీది నుంచి. ఎప్పటినుంచి బిగబట్టుకున్నాడో గానీ, ఆమె తలూపగానే మొదలైన ఆ దగ్గు ఇంజిను మొదలయ్యేదాకా ఆగలేదు.

రాబోయే కాలానికి కొత్త కుండను అదే చోట, ముసలిదాని పక్కనే దించారు. దించేముందు ఆమె దాని సంకేతం మార్చింది. పాతది పైకి వచ్చేదాకా కొత్తదాన్ని ముట్టుకోకూడదనే నియమం ఆ తర్వాత పని పద్ధతుల్లోకి ఎక్కింది. దాని పక్కన కారణం రాయాల్సిన చోట ఆమె "తొట్టి" అని ఒక్క మాట రాసింది. గీతలో మొత్తం నాలుగేళ్ల ఒంపులూ ఉన్నాయి. మూడో ఏడు ఒక ఋతువు పొడుగునా ప్రవాహం వెనక్కి తిరిగినట్టు కనబడింది. దాని మీద ప్రొఫెసర్ గారు వ్యాసం రాస్తున్నారు. ఇది కూడా చాలా శుభ్రంగా ఉందన్నారు.

ఇంటికి వచ్చేసరికి దుకాణంలో నాలుగు మిషన్లూ ఒకేసారి నడుస్తున్నాయి. లోపల్నించి అమ్మ ఎవరినో కేకేస్తోంది. ఉష్షమ్మ సంచీ గుమ్మంలో పెట్టి, సాగరకన్య కాగితం కింద ఉన్న స్టూలు మీద కూర్చుని, అక్క కుట్టు చివరికి వచ్చేదాకా ఆగింది. అక్క దారం పళ్ల మధ్య పెట్టుకుంది.

"వచ్చావా? మరి నీ కుండలు తెచ్చావా?"

"నాలుగు తెచ్చాను. నడిమిది రాలేదు."

"అయ్యో. అంత దూరం వెళ్లి?"

"చెప్పాల్సింది చెప్పింది. అది చాలు."

అక్క దారం తెంపింది. చెల్లెలి మొహం ఒకసారి పరీక్షగా చూసింది. కణతల మీద హెడ్‌ఫోను ఒత్తిన గుర్తులు ఇంకా పోలేదు. "సరేలే, చేతులు కడుక్కుని రా. గుండీలు కుట్టేవి బోలెడున్నాయి" అంటూ మళ్లీ మిషను తొక్కింది.